సెకండ్ లాంగ్వేజ్ కాడ ఏం రాయాలె?

పోయిన ఏడాది జూన్‌లో ఒక సాయంత్రం ల్యాబ్ రికార్డు రాసుకుంటుంటే వనపర్తి నుంచి చెల్లి ఫోన్ చేసింది. పదో తరగతి పాసైంది. ఇంటర్ అడ్మిషన్ ఫామ్ ముందేసుకుని కూర్చుంది. పేరు, ఆధార్ నంబరు, గ్రూపు అన్నీ నింపేసింది. ఒక్క గడి మిగిలింది.

"అన్నా, సెకండ్ లాంగ్వేజ్ కాడ ఏం రాయాలె?"

నేను నోరు తెరిచేలోపే ఇంకో ప్రశ్న. "నాకు బయటి దేశం భాష ఏదన్న నేర్చుకోవాలని ఉంది. ఇంటర్‌ల ఉంటదా? ఏది తీసుకుంటె మంచిది?"

"రాత్రికి చెప్త" అన్నాను. చెప్పలేకపోయాను. ఆ గడిని నేను ఎలా నింపానో గుర్తొచ్చింది, అందుకని.

మాది గద్వాల జిల్లాలో తుంగభద్ర దిక్కు ఊరు. పది దాకా జిల్లా పరిషత్ హైస్కూల్, తెలుగు మీడియం. మా తెలుగు సారు "డు, ము, వు, లు ప్రథమా విభక్తి" అని మొదలుపెడితే క్లాసంతా సప్తమి దాకా ఒకే రాగంలో అప్పజెప్పేది. అర్థమయ్యేది తక్కువ, అరుపు ఎక్కువ. పది కాగానే నాయిన అప్పుచేసి హైదరాబాద్‌లో ఒక పెద్ద కార్పొరేట్ కాలేజీలో చేర్పించిండు. అడ్మిషన్ కౌంటర్‌లో కూర్చున్నాయన ఫామ్ నింపుతూ తలెత్తకుండానే అన్నాడు: "సంస్కృతం వేస్తున్నా బాబు, స్కోరింగ్." అంతే. పదేళ్లు చదివిన తెలుగును వదిలేయడానికి నాకు పట్టింది అరనిమిషం.

మన రాష్ట్రంలో 2018 చట్టం ప్రకారం ఒకటి నుంచి పదో తరగతి దాకా అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి. ఆ గీత పదితో ఆగిపోతుంది. కాబట్టి ఇంటర్ ఫామ్‌లో ఆ గడి దగ్గరే మనలో చాలామందికి జీవితంలో మొదటిసారి భాషను ఎంచుకునే హక్కు వస్తుంది. వచ్చిన నిమిషంలోనే దాన్ని కౌంటర్‌లో ఉన్నాయనకి ఇచ్చేసి వస్తాం.

సంస్కృతంలో నాకు మొదటి ఏడాది 98, రెండో ఏడాది 97. ఎలా వచ్చాయో దాచిపెట్టడం ఎందుకు, ఈ మ్యాగజైన్ చదివేవాళ్లలో సగం మందికి తెలిసిన సంగతే. గైడులో వచ్చే ప్రశ్నలు, వాటికి ఇంగ్లీషులో జవాబులు. శ్లోకాలు నాలుగు బట్టీ. శబ్దాల పట్టికలు పరీక్ష ముందు రాత్రి. రెండేళ్లు సంస్కృతం "చదివి", సంస్కృతంలో ఒక్క వాక్యం సొంతంగా రాయకుండా బయటపడ్డాను.

ఆ సెలవుల్లో అవ్వను తోలుకొని అలంపురం పోయిన. జోగులాంబ గుడి దర్శనం అయ్యాక ఒక గోడ మీద తెలుగు లిపిలో రాసిన శ్లోకం చూపించి "దీంట్ల ఏముంది, చదువు" అంది. గడగడా చదివాను. "అర్థం చెప్పు" అంది. నిలబడ్డాను. అవ్వకు చదువు రాదు గానీ నా మార్కులు మాత్రం ఊరంతా చెప్పుకొని తిరిగింది. కొంచెం సేపు చూసి, "నీకు మార్కులేసినాయన మస్తు మంచోడు రా" అని నడక మొదలుపెట్టింది. ఆమె తిట్టిందో, జోక్ వేసిందో ఇప్పటికీ తెలీదు.

ఇందులో సంస్కృతం తప్పేం లేదు. గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరు. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు కూడా సంస్కృతాంధ్ర పండితులను పిలిచి సన్మానించినవే. అదే గడ్డ మీద పుట్టి 98 తెచ్చుకుని శ్లోకం ముందు నిలబడిపోయానంటే, భాష నన్ను మోసం చేయలేదు, నేనే దాన్ని మార్కుల ఏటీఎం లాగా వాడుకున్నాను.

పోనీ ఆ మార్కులు దేనికైనా పనికొచ్చాయా? లెక్క చూద్దాం, ఎంతైనా ఇంజనీరింగ్ వాళ్లం. ఎంపీసీలో మొత్తం 1000 మార్కులు. ఇంగ్లీషు 200, సెకండ్ లాంగ్వేజ్ 200, మిగతా 600 గ్రూపు సబ్జెక్టులు. ఎంసెట్‌లో ఇంటర్‌కి 25 శాతం వెయిటేజీ ఉన్న కాలంలో కూడా లెక్కలోకి తీసుకున్నది ఆ 600నే, భాషలను కాదు. తెలంగాణలో ఇప్పుడు ఆ వెయిటేజీ కూడా లేదు. ఐఐటీ, ఎన్ఐటీలకు అడిగే 75 శాతంలో భాష మార్కులు కలుస్తాయి, నిజమే. కానీ 75 దాటడానికి 98 అక్కర్లేదు. అంటే నా 98 వల్ల బాగుపడింది ఏదైనా ఉంటే అది కాలేజీ గేటు ముందు కట్టిన ఫ్లెక్సీ. దాంట్లో నా ఫొటో కూడా లేదు.

ఇక చెల్లి అడిగిన రెండో ప్రశ్న: బయటి దేశం భాష ఇంటర్‌లో ఉంటుందా?

బోర్డు పుస్తకంలో ఉంటుంది. తెలుగు, హిందీ, ఉర్దూ, సంస్కృతంతో పాటు ఫ్రెంచ్, అరబ్బీ కూడా సెకండ్ లాంగ్వేజ్‌గా రాయొచ్చు. హైదరాబాద్‌లో కొన్ని కాలేజీల్లో ఫ్రెంచ్ తీసుకున్నవాళ్లు నాకు ఇక్కడ క్లాస్‌మేట్స్‌గా ఉన్నారు. కానీ బోర్డు పుస్తకం వేరు, మన ఊరి కాలేజీ వేరు. చెల్లి రెండు కాలేజీల ఫామ్‌లు తెచ్చుకుంది. ఒకదాంట్లో తెలుగు, హిందీ ఉన్నాయి. ఇంకోదాంట్లో పేరుకి అన్నీ ఉన్నాయి, అడిగితే "అందరం సంస్కృతమే పెట్టిస్తున్నం అమ్మా" అన్నారట. నాగర్‌కర్నూల్‌లో మా మేనత్త వాళ్ల పక్కింటి పిల్లాడికీ ఇదే జవాబు వచ్చింది. ఏ భాష ఎంచుకోవాలి అనే ప్రశ్నకు మన మూడు జిల్లాల్లో నిజమైన జవాబు స్టాఫ్ రూమ్‌లో ఉంటుంది: ఏ లెక్చరర్ ఉంటే అదే భాష.

కాబట్టి చెల్లి ముందున్నవి రెండు వేరు వేరు పనులు. ఫామ్‌లో రాయాల్సిన భాష ఒకటి, నేర్చుకోవాల్సిన భాష ఒకటి. నేను రెంటినీ కలిపేసి ఆలోచిస్తున్నందుకే ఆ రాత్రి జవాబు తట్టలేదు.

నేర్చుకోవాల్సిన భాష సంగతికి వచ్చే ముందు మా తాత గురించి ఒక మాట. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, డ్యాములు, కాలువలు తవ్వినవాళ్లు. తాత పుణె దిక్కు పనికి పోయి మరాఠీ నేర్చుకున్నడు, రాయచూరు పత్తి మార్కెట్లో కన్నడం నేర్చుకున్నడు. వేలిముద్ర మనిషి. ఇంకో కొసన, ఇప్పటి గద్వాల జిల్లా బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిని చూడండి. తెలంగాణలో కవులు లేరు అన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చినాయన, 1952లో వనపర్తి నుంచి గెలిచిన ఎమ్మెల్యే. ఆయనకు తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఫారసీ, ఇంగ్లీషు వచ్చు. ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో ఆఫీసు భాష ఉర్దూ, అంతకుముందు ఫారసీ. 1918లో మొదలైన ఉస్మానియాలో ఇంజనీరింగ్, మెడిసిన్‌తో సహా ఉర్దూలోనే చెప్పేవాళ్లు. అంటే ఇంట్లో లేని భాషలో చదువుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. చదువు వచ్చినా రాకపోయినా మనవాళ్లు మూడు నాలుగు భాషల్లో బతికారు. ఒకే ఒక్క ఇంగ్లీషును చూసి వణికే తరం మనదే.

ఇప్పుడు అసలు పాఠం.

సెకండ్ ఇయర్‌లో మా కాలేజీలో ఓపెన్ ఎలక్టివ్‌గా జపనీస్ పెట్టారు. టైమ్‌టేబుల్‌లో అది మాత్రమే ఖాళీగా ఉండి చేరాను, గొప్ప ఉద్దేశం ఏం లేదు. మొదటి రెండు వారాలు హిరగానా అక్షరాలు చూసి సగం మంది పారిపోయారు. మూడో వారం మేడమ్ బోర్డు మీద ఒక వాక్యం చెప్పారు:

వతాషి వ గక్కో ని ఇకిమస్.

వతాషి అంటే నేను. గక్కో అంటే బడి. ఇకిమస్ అంటే వెళ్తాను. మధ్యలో ఉన్న "ని" ఏంటని ఇంగ్లీషు మీడియం వాళ్లు అడిగితే మేడమ్ చాలాసేపు వివరించారు. నాకు వివరణ అక్కర్లేకపోయింది. నేను – బడి – కి – వెళ్తాను. "ని" అంటే మన "కి". మాట వెనక అతుక్కునే ప్రత్యయం. పదో తరగతిలో రాగం తీసి అరిచిన "కిన్, కున్" జపాన్‌లో కనబడింది.

ఆ తర్వాత నోట్సులో ఇంగ్లీషు అర్థాలు రాయడం మానేసి తెలుగు రాయడం మొదలుపెట్టాను. కొన్ని ఇక్కడ పెడుతున్నాను, మీరే చూడండి.

హోన్ ఓ యోమిమస్: పుస్తకాన్ని చదువుతాను. "ఓ" మన ద్వితీయ, ని/ను.

వతాషి మో ఇకిమస్: నేనూ వెళ్తాను. "మో" అంటే మన చివరి దీర్ఘం, "ఊ".

ఇకిమస్ క: వెళ్తారా? చివర "క" పెడితే ప్రశ్న. మనకు చివర "ఆ" పెడితే ప్రశ్న. పదాల వరస తలకిందులు చేసే పని లేదు.

ఇకు తొ ఇఇమషిత: "వెళ్తాను" అని అన్నాడు. "తొ" అంటే "అని". ఈ "అని" అనే మాటను ఇంగ్లీషువాడికి చెప్పడానికి ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించారా? జపాన్‌వాళ్లకు చెప్పనక్కర్లేదు.

వీటికంటే నన్ను కూర్చోబెట్టింది ఇంకోటి. మన వ్యాకరణంలో క్త్వార్థకం ఉంది గుర్తుందా? తిని, చూసి, రాసి, వెళ్లి. జపనీస్‌లో అదే పనిచేసే రూపం "తె" తో ముగుస్తుంది. తబెతె అంటే తిని. కైతె అంటే రాసి. దాని వెనక ఇంకో క్రియ తగిలిస్తారు, మనలాగే:

తబెతె మిమస్: తిని చూస్తాను. మిమస్ అంటే నిజంగానే చూస్తాను. రుచి ఎలా ఉందో తెలుసుకోవడానికి "చూడటం" వాళ్లూ వాడతారు.

కైతె ఒకిమస్: రాసి పెడతాను. ఒకిమస్ అంటే పెడతాను.

మొత్తె కిమస్: పట్టుకొని వస్తాను.

"తిని చూడు", "రాసి పెట్టు" అనేవి అక్షరాలా అక్కడ కూడా ఉన్నాయని తెలిసిన రోజు నేను హాస్టల్లో ముగ్గురిని నిద్రలేపి చెప్పాను. వాళ్లు తిట్టారు. అది వేరే కథ.

ఇంకా ఉంది. దరె అంటే ఎవరు. "దరె మొ కిమసెన్" అంటే ఎవరూ రారు. "దరె క" అంటే ఎవరో. "దరె దె మొ" అంటే ఎవరైనా. ఎవరు, ఎవరూ, ఎవరో, ఎవరైనా: మనం ఒకే వేరుకు తోకలు మార్చి అర్థం మార్చినట్టే వాళ్లూ మారుస్తారు. ఇంగ్లీషులో ఇవి నాలుగు దిక్కులకు పోయిన నాలుగు మాటలు. రెండు వస్తువులైతే ఫుతత్సు, ఇద్దరు మనుషులైతే ఫుతరి. మనకు రెండు, ఇద్దరు లాగా. అన్నకు, తమ్ముడికి వేరు వేరు మాటలు. అక్కకు, చెల్లికి వేరు వేరు మాటలు. ఉరిమితే గొరొగొరొ, మెరిస్తే పికపిక. గడగడ, మిలమిల అనే మనకు ఇది ఆటలా ఉంటుంది.

ఉచ్చారణలో కూడా తెలుగు పిల్లలకు ఒక లాభం ఉంది. ఒబసాన్ అంటే అత్త, పిన్ని వరస. ఒబాసాన్ అంటే అవ్వ. తేడా ఒక్క దీర్ఘం. కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ల. తేడా ఒక్క ద్విత్వం. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్లకు ఈ తేడా వినడానికే నెలలు పడుతుంది. గుణింతాలు, ఒత్తులు దిద్దిన మనకు మొదటి రోజే వినబడుతుంది.

దీన్నిబట్టి తెలుగుకీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని వాట్సాప్ మెసేజ్ తయారుచేయకండి. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కీ సంబంధం ఉందని చాలా రాశాడు, భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. క్రియ చివర పెట్టే భాషలకు ఇలాంటి పోలికలు చుట్టరికం లేకుండానే రావొచ్చు. మనకు కావలసింది చుట్టరికం కాదు, దారి సులువవడం.

అన్నీ సులువు కాదు. పత్రిక చదవాలంటే కావలసిన జోయో కాంజీలు 2,136. హిరగానా 46, కతకానా 46 అయితే ఒక నెల పని. కాంజీలకు మాత్రం షార్ట్‌కట్ లేదు, ఏళ్ల తరబడి రోజుకు కొన్ని రాయడమే. జేఎల్‌పీటీ పరీక్షలో ఎన్5 నుంచి ఎన్1 దాకా అయిదు మెట్లు, ఎన్5 అన్నిటికంటే కిందిది. దాంట్లో మాట్లాడే పరీక్ష లేదు, కాబట్టి సర్టిఫికెట్ ఉండి నోరు పెగలని వాళ్లు కూడా ఉంటారు. నా 98 లాంటి వాళ్లు.

జర్మన్ సంగతి నాకు వదిన ద్వారా తెలిసింది. వదిన అంటే నాగర్‌కర్నూల్ మేనత్త పెద్ద కూతురు. బీఎస్సీ నర్సింగ్ చేసి, రెండేళ్లు ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేసి, ఇప్పుడు జర్మనీకి పోవాలని భాష నేర్చుకుంటోంది. రాష్ట్ర ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి పంపుతుంది. అక్కడ నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి అడుగుతారు. ఏ1, ఏ2, బీ1, బీ2: నాలుగో మెట్టు. "ఇరవై అయిదేండ్లకు డేర్, డీ, దాస్ చదువుతున్న. పదహారేండ్లప్పుడు ఎవరన్న చెప్పుంటే ఈపాటికి పోయి ఉండేదాన్ని" అంది. ఆమె ఇంటర్ సెకండ్ లాంగ్వేజ్ కూడా సంస్కృతమే. 99. నాకంటే ఒకటో రెండో ఎక్కువని ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

వదిన జర్మన్ నోట్సు చూస్తే అక్కడా మన విభక్తులే. ఇష్ అంటే నేను, మిష్ అంటే నన్ను, మిర్ అంటే నాకు. "మిర్ ఇస్ట్ కాల్ట్": నాకు చలిగా ఉంది. ఇంగ్లీషులో "నేను చల్లగా ఉన్నాను" అన్నట్టు చెప్పాలి; జర్మన్ వాళ్లు మనలాగే "నాకు" అంటారు. "మిర్ గెఫెల్ట్ దాస్": నాకు అది నచ్చింది. పెద్ద వాక్యంలో లోపలి వాక్యం వస్తే క్రియ చివరికి పోతుంది: "దాస్ ఏర్ మోర్గన్ కొమ్ట్" అంటే అతను రేపు వస్తాడని. అతను, రేపు, వస్తాడు, అదే వరస. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవాళ్లు ఇక్కడే ఏడుస్తారు. అమ్మాయి అనే మాటకు జర్మన్‌లో నపుంసకలింగం అని వదిన నవ్వింది. "అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది అనేటోళ్లం మనం నవ్వొద్దు వదినా" అన్నాను.

ఇంజనీరింగ్ తర్వాత జర్మనీలో ఎంఎస్ చేయాలనుకునేవాళ్లు మన క్లాసులో చాలామంది ఉన్నారు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వూర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి బయటి దేశాల వాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు. కోర్సు ఇంగ్లీషులోనే దొరుకుతుంది. కానీ ఇల్లు అద్దెకు అడగడం, పార్ట్‌టైమ్ పని, డాక్టర్ దగ్గర జ్వరం చెప్పుకోవడం ఇంగ్లీషులో నడవవు అని అక్కడికి పోయిన సీనియర్లు అందరూ చెబుతున్న మాట. ఫ్రెంచ్ గురించి నేను ఎక్కువ చెప్పలేను. రాసేది ఒకటి పలికేది ఒకటి కాబట్టి తెలుగు అలవాటు అక్కడ పెద్దగా సాయం చేయదనీ, ఇంగ్లీషు పదాలు తెలిసి ఉండటం మాత్రం బాగా పనికొస్తుందనీ ఫ్రెంచ్ తీసుకున్న ఫ్రెండ్ చెప్పాడు. నువ్వు, మీరు తేడా మాత్రం వాళ్లకూ ఉంది.

మూడు రోజుల తర్వాత చెల్లికి ఫోన్ చేసి చెప్పింది ఇదీ.

ఫామ్‌లో తెలుగు రాయి. నీకు అది వచ్చు, చెప్పే మేడమ్ ఉంది, లైబ్రరీలో పుస్తకాలున్నాయి. వ్యాకరణం పేజీలు మాత్రం చాయిస్‌లో వదలకు. బయటి భాష ఇంటర్‌లో మార్కుల కోసం వద్దు, విడిగా నేర్చుకో. ఏ భాష అంటే, ముందు ఏ దేశం బాగుంటుందని కాదు, నీకు వారానికి ఒకసారైనా తప్పు దిద్దేవాళ్లు ఏ భాషలో ఉన్నారో చూడు. జపనీస్ అయితే నేనున్నా, జర్మన్ అయితే వదిన ఉంది. ఫ్రెంచ్ అయితే మన చుట్టాల్లో ఎవరూ లేరు. హైదరాబాద్‌లో ఇఫ్లూ, అలియాన్స్ ఫ్రాన్సేజ్, గోథే జెంట్రుమ్ అన్నీ ఉన్నాయి గానీ వనపర్తి నుంచి వారానికి రెండుసార్లు ఎవరు పోతారు? ఫోన్‌లో అయితే ఎన్‌హెచ్‌కే వాళ్ల జపనీస్ పాఠాలు, డాయిచె వెల్లె వాళ్ల నికోస్ వేగ్ ఉచితంగా దొరుకుతాయి. రోజుకు అరగంట దాటొద్దు, ఎంపీసీ నిన్ను తినేస్తుంది. రెండేళ్లలో మొదటి మెట్టు ఎక్కితే చాలు. నోట్సులో అర్థాలు తెలుగులో రాసుకో, ఇంగ్లీషులో వద్దు.

"యానిమే కోసం జపనీస్ అనుకుంటవేమో" అంది. "నువ్వు దేనికోసం నేర్చుకుంటె నాకేంది" అన్నాను.

ఇక్కడిదాకా చదివి నేను మంచి అన్నను అనుకుంటే ఆగండి. మొన్న ఫస్ట్ ఇయర్ రిజల్ట్స్ వచ్చాయి. చెల్లికి తెలుగులో 81. ఆమె పక్క బెంచీ ఫ్రెండ్ వేరే కాలేజీలో సంస్కృతం తీసుకుంది, 97. నాయిన ఫోన్ చేసి అరగంట తిట్టిండు. "నువ్వు మాత్రం 98 తెచ్చుకున్నవు, దాన్ని మాత్రం 81 కాడ నిలబెట్టినవు. నీ ప్రయోగాలకు నా బిడ్డనే దొరికిందా?" వెయిటేజీ లెక్క చెప్పబోయాను. ఆయనకు లెక్క రాక కాదు. రేపు ఏదైనా కాలేజీవాళ్లు, ఏదైనా కంపెనీవాళ్లు మొత్తం శాతం అడిగితే ఆ పదహారు మార్కులు ఎవరిస్తారని ఆయన భయం. ఆ భయం తప్పని నేను గ్యారంటీ ఇవ్వలేను. మన క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో కూడా కొన్ని కంపెనీలు పది, ఇంటర్, బీటెక్ మూడింట్లో ఇంత శాతం ఉండాలని గీత గీస్తాయి. ఆ గీత కాడ చెల్లి ఆగిపోతే దానికి నా సలహా కూడా ఒక కారణమే. నాయినకు ఆ రోజు జవాబు చెప్పలేదు.

చెల్లిని అడిగాను, సెకండ్ ఇయర్‌లో మార్చుకుంటావా అని. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక వాయిస్ మెసేజ్ పంపింది. మొదట జపనీస్‌లో ఏదో వాక్యం, చివర "నె" అని. దాని తర్వాత తెలుగులో: "ఒనీసాన్, పుస్తకంల ఈ 'నె'కి ఇంగ్లీషుల ఏదేదో అర్థం రాసిన్రు, నాకు సమజ్ కాలే. పొద్దుగాల బస్సుల పోతుంటే ఒక అవ్వ కండక్టర్‌తోని 'గద్వాలకే పోతది గదా' అన్నది. ఈ 'నె' అంటె మన 'గదా' కాదా?"

అదే. నా నోట్సులో అక్కడ ఇంగ్లీషు అర్థమే రాసి ఉంది. కొట్టేసి రాసుకున్నాను.